రెండు వరసల టైల్స్

పదేళ్లు దాసయ్య మేస్త్రి వెనక సిమెంటు కలిపిన చంద్రికకు చిక్కడపల్లిలో బాలకిషన్ గారి ఫ్లాటు సొంతంగా పట్టిన మొదటి పని. వంటింటికీ హాలుకూ మధ్య గోడ తీసేశారు. నేలకు వంటింట్లో టైల్స్, హాల్లో చెక్క. రెండూ కలిసేచోట కాలికి ఏమీ తగలకూడదు. ఆయన భార్య ఉదయశ్రీ పక్షవాతం నుంచి లేచాక కుడికాలు ఈడ్చుకుంటూ నడుస్తోంది మరి.

టైల్స్ వేసిన మర్నాడు చెక్కపని రాఘవేందర్ వచ్చాడు. నురుగు షీటు పరిచి, దాని మీద చెక్క పలక పెట్టాడు. చంద్రిక వంగి చూసింది. పలక టైలు కంటే మూడు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. పలక మందం కొలుచుకుంది గానీ, కింద షీటు పడుతుందన్న సంగతే మర్చిపోయింది. ఎంత బుద్ధితక్కువ పని!

"గింతదానికి పరేషాన్ ఎందుకక్కా? మీదికెళ్లి ఇత్తడి పట్టీ కొడ్త. ఎవలకు తెలుస్తది?" అన్నాడు రాఘవేందర్, పట్టీ తీసి అక్కడ పెట్టి చూపిస్తూ.

బాలకిషన్ గారికి అది తెగ నచ్చింది. "మంచిగుంది. గోడ తీసినకాంచి వంటింటికి గడప లేదని మా అమ్మ ఒకటే నస. ఇది గడప లెక్క ఉంటది. శుక్రవారం పసుపు గూడ రాస్తది."

తప్పు దాగడమే కాదు, పైన పసుపు పూత కూడానూ. చంద్రికకు ప్రాణం లేచొచ్చింది. సరేనందామని నోరు తెరిచింది కూడా.

ఇంతలో ఉదయశ్రీ వంటింట్లోంచి వస్తూ ఆ పట్టీకి కాలివేలు తగిలి తూలింది. ఆసరా కోసం అలవాటుగా గోడ వైపు చెయ్యి చాపింది. అక్కడ గోడ లేదు. చంద్రిక ఒక్క ఉరుకున వెళ్లి పట్టుకుంది.

"ఏం గాలే," అంది ఉదయశ్రీ. చంద్రిక భుజం మాత్రం వదల్లేదు.

చంద్రికకు తన మీద తనకే అసహ్యం వేసింది. "సార్, తప్పు నాది. షీటు సంగతి మర్చిపోయిన. ఈ రెండు వరసలు పలగ్గొట్టి మళ్ల ఏస్త. గడప పూజగదికి పెట్టిస్త, ఈడ వద్దు."

"మొదటి పనిలనే పలగ్గొట్టిందని జనం చెప్పుకుంటరక్కా," అన్నాడు రాఘవేందర్.

"చెప్పుకోనీ," అని సుత్తి అందుకుంది.

రెండు వరసలూ లేపి, ఆ మూడు మిల్లీమీటర్లనూ కొంచెం కొంచెంగా పెంచుకుంటూ, టైలు టైలుకూ లెవెల్ చూసుకుంటూ వేసింది. చెక్క బిగించాక బూట్లు విప్పి, కళ్లు మూసుకుని, తనే పదిసార్లు అటూ ఇటూ కాలీడ్చుకుంటూ నడిచింది.

నాలుగో రోజు ఉదయశ్రీ నిండు చాయ్ గ్లాసు మీదే చూపు నిలిపి, చంద్రికకు ఇవ్వడానికి వంటింట్లోంచి మెల్లగా నడిచొచ్చింది.

"అతుకు రాంగనే చెప్పు చంద్రికా, జర ఆగి పెడ్త కాలు."

"అదెప్పుడో దాటినవక్కా," అంది చంద్రిక.