కౌజుపిట్ట మూడో కాలు

చేయవలసినవి నాలుగు. పగిలిన పళ్ళెం కొలతకు సరిపడే తెల్లపూత పళ్ళెం వెతకాలి. సూదితో గుచ్చిన పాత నమూనా కాగితాన్ని దానిమీద పరచి బొగ్గుపొడి మూటతో తట్టాలి. ఆ చుక్కల వెంట సన్నగా నీలం గీతలు గీసి పెద్ద బట్టీకి పంపాలి. చివర ఎరుపు, ఆకుపచ్చ, బంగారం నింపి చిన్న బట్టీలో కాల్పించాలి.

మూడు పనులు కుర్ర పనివాడు క్రెయిన్ చేసేశాడు. నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది.

డెల్ఫ్ట్‌లోని ఆ పింగాణీ కార్ఖానాలో ఎర్రరంగు బల్ల దగ్గర ఒకే చోటు ఖాళీ. అక్కడ రంగులు నింపే ముసలి డింగెమాన్ చలికాలంలో పోయాడు. ఈ పళ్ళెం కుదిరితే ఆ చోటు క్రెయిన్‌ది. లేకపోతే జన్మంతా నీలం అంచులే గీసుకోవాలి.

పళ్ళెంలో జపాను కౌజుపిట్ట కొర్రకంకుల మధ్య నిలబడి ఉంది. కడుపు కింద మూడు గీతలు. రెండు కాళ్ళు, సరే. మూడోది కాలా, కాడా? చిల్లులకు రంగుండదు. కాగితం మీది రంగు గుర్తులేమో మసిలో కలిసిపోయాయి.

"కళ్ళు పెట్టి చూడరా!" అన్నాడు పెద్ద మేస్త్రి స్టోఫెల్, ఓడ వర్తకుడి ఇంటినుంచి అడిగి తెచ్చిన అసలు జపాను పళ్ళెం చూపిస్తూ. "రెండే కాళ్ళు. మూడోది పచ్చటి కాడ. కాలికీ గడ్డికీ తేడా తెలీనోడు ఆ బల్ల దగ్గర ఎందుకు?"

ఆయన అటు వెళ్ళగానే యజమానురాలు వచ్చింది. ఒకటి పగిలిందని కొన్నావిడ గడ్డిలో చుట్టి పంపిన మిగతా పదకొండు పళ్ళేలు చూపించింది. అన్నిట్లోనూ డింగెమాన్ వేసిన మూడు ఎర్రకాళ్ళే. "లైడెన్ అమ్మగారి పన్నెండింటి వరసలో ఇది కలిసిపోవాలి నాయనా. వేరుగా కనబడిందా, తిప్పి పంపేస్తుంది."

క్రెయిన్‌కి బుర్ర తిరిగిపోయింది. తిన్నగా డింగెమాన్ భార్య మాఖ్తెల్ట్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె గుమ్మంలో కూర్చుని హెర్రింగ్ చేపలు బాగుచేస్తోంది.

"అవ్వా, పిట్టకి ఎన్ని కాళ్ళో తాతకి తెలీదా?"

"ఆయనకెందుకు తెలీదు? తెలీంది నాకు. పాత కాగితం చిరిగితే కొత్తది గుచ్చిందాన్ని నేనే. రంగుల గుర్తులూ నేనే వేశా. మూడిటికీ ఎరుపని పెట్టేశా."

"మరి తాత చూసుకోలేదా?"

"గుర్తుల ప్రకారం గబగబా నింపేశాడు. చూసింది పళ్ళేలన్నీ అమ్ముడైపోయాకే. కాగితం ఎవరు గుచ్చారని అడిగితే నా పని పోతుందిగా! అందుకని జపానులో అంతే అన్నాడు. అక్కడికెళ్ళి లెక్కపెట్టొచ్చినవాడెవడ్రా?" అని నవ్వి, చేప తల పిల్లికి విసిరింది.

వచ్చినప్పటికంటే ఎక్కువ అయోమయంతో తిరిగి వచ్చాడు క్రెయిన్. ఏది సరైన పని? పచ్చరంగు కుంచె తీశాడు, పెట్టేశాడు. మళ్ళీ తీశాడు. చివరికి ఎరుపే వేశాడు.

బట్టీ తెరిచిన రోజు స్టోఫెల్ మండిపడ్డాడు. "మూడు కాళ్ళా!"

యజమానురాలు పన్నెండు పళ్ళేలనూ కలిపేసి బల్లమీద పరిచింది. "కొత్తదేదో చెప్పు, మేస్త్రీ."

ఆయన చాలాసేపు చూసి ఒకటి ఎత్తాడు. అది డింగెమాన్‌ది.

చోటు క్రెయిన్‌కి దక్కింది. తాను చేసింది ఒప్పో తప్పో మాత్రం తేలలేదు. ప్రతి పిట్ట కడుపు కిందా అతని కుంచె ఒక్క క్షణం ఆగుతూనే ఉండేది.

ఎక్కడైనా అద్దాల బీరువాలో మూడుకాళ్ళ కౌజుపిట్ట మీకు కనబడితే నవ్వుకోండి, తప్పు లేదు. కానీ ఆ చిల్లులు గుచ్చిన మాఖ్తెల్ట్‌ను ఒక్కసారి తలచుకోండి. పళ్ళెం వెనక ఆమె పేరు ఉండదు.