వేళకాని కూత

నూలుమిల్లు మూతపడ్డ కొన్నేళ్ళకి దాన్ని పడగొట్టి, ఆ స్థలంలో వరసగా ఇళ్ళు కట్టారు. గేటు పక్కనున్న టైం ఆఫీసును మాత్రం ఎందుకో ఎవరూ ముట్టుకోలేదు. రెండు గదులు, ముందొక వరండా, పైన డాబా, ఒకప్పుడు కార్మికులు హాజరు వేయించుకున్న చిన్న కిటికీ. దాన్నే ఊళ్ళో కొందరు కలిసి మ్యూజియం చేసుకున్నారు. వాళ్ళకి జీతం భత్యం ఏమీ లేవు. శని, ఆదివారాల్లో తలుపులు తెరుస్తారు. వచ్చినవాళ్ళకి చూపిస్తారు. ఎవరూ రానిరోజు వాళ్ళలో వాళ్ళే కబుర్లు చెప్పుకుని, తాళం వేసుకుని ఇళ్ళకి పోతారు.

ఈ వ్యవహారానికంతటికీ పెద్ద దిక్కు రిటైరైన లైబ్రేరియన్ గారు. ఆవిడ గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. చేసిన ఉద్యోగం అలాంటిది. ఆవిడకి కుడిభుజం టైలరు. మిల్లు గేటు ఎదురుగా జీవితమంతా కుట్టుమిషను తొక్కినవాడు. మిల్లు లోపల ఒక్కపూట పనిచెయ్యకపోయినా లోపలి సంగతులు ఫోర్‌మెన్ కంటే ధాటిగా చెబుతాడు. మూడోమనిషి పానా. మిల్లులో ఫిట్టరు. ఎప్పుడు చూసినా వెనక జేబులో పానా పెట్టుకుని తిరిగేవాడు కాబట్టి ఆ పేరు పడిపోయింది. పెళ్ళినాడు కూడా జేబులో అదే ఉందని భార్య ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

మ్యూజియంలోకి వస్తువులు వాటంతటవే వచ్చి చేరాయి. ఎవరో ఇత్తడి హాజరు బిళ్ళ తెచ్చారు, ఎవరో నూలు చుట్టే కండెల బుట్ట తెచ్చారు. నూలు విభాగం ఆడవాళ్ళందరూ వరసగా నిలబడి నవ్వు ఆపుకుంటున్న ఫోటో ఒకటి వచ్చింది. ఇన్ని ఉన్నా ఏదో వెలితి. అదేమిటో టైలరు కనిపెట్టాడు.

"అన్నీ ఉన్నాయి గానీ, కూత లేదండీ," అన్నాడు.

మిల్లు కూత అంటే ఆ ఊరికి గడియారం. షిఫ్టు మారినప్పుడల్లా సైరన్ మోగేది. దాన్నిబట్టే పొయ్యి వెలిగించేవాళ్ళు, పిల్లల్ని బడికి తయారుచేసేవాళ్ళు. పొద్దున్న ఏడు గంటల కూత మోగిందంటే ఊళ్ళో సగం చెప్పుల చప్పుడు ఒకే దారిన పోయేది.

పాత సామాన్ల కొట్టులో గేట్ల వెనక, విరిగిన ఫ్యాన్ల కింద ఆ సైరన్ దొరికింది. కొట్టువాడు దులిపి చేతికిచ్చాడు. "ఇంతకాలం దీన్ని ఎవరికి అంటగట్టాలో తెలియక చచ్చాను. తీసుకెళ్ళండి బాబూ, పుణ్యముంటుంది," అన్నాడు. పానా దాన్ని రిక్షాబండి మీద వేయించుకుని, పసిబిడ్డని తెచ్చినట్టు పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

పానా ఇల్లూ, అతని వదిన ఇల్లూ గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. వెనక పెరడు ఇద్దరికీ ఒక్కటే. అన్న మిల్లులోనే, దూది విడదీసే గదిలో మంటలంటుకుని పోయాడు. అప్పటికి వదిన కూతురు నడక నేర్చుకుంటోంది. ఆ కూతురికిప్పుడు ఇద్దరు పిల్లలు. వదిన మాత్రం ఆ ఇంట్లోనే ఒక్కతే ఉంటుంది. సాయంత్రమైతే పెరట్లో కూర్చుని తోడికోడలితో ఊళ్ళో అందరి సంగతులూ కలిపి చెరుగుతుంది.

పెరట్లో రేకుల చూరు కింద పానా పని మొదలుపెట్టాడు. మోటారు విప్పాడు, వైండింగ్ కొత్తగా చుట్టించుకొచ్చాడు. తుప్పుతో బిగుసుకుపోయిన రెక్కల చక్రానికి నూనె పోసి, రోజూ కాస్త కదిపి, పోరి పోరి చివరికి వదిలించాడు. మ్యూజియం వార్షికోత్సవం నాడు దీన్ని డాబా మీద, పాత స్టాండుకే బిగించి మోగించాలని ముగ్గురూ అనుకున్నారు. టైలరు అప్పుడే ఊరంతా టముకు వేసేశాడు.

పానా మనసులో ఇంకో ఆశ ఉంది. అతన్ని మిల్లులో చేర్పించింది అన్నే. పొద్దున్నే కూతకి ముందే వచ్చి దుప్పటి లాగేవాడు. తమ్ముడు విసుక్కుంటే పక్కమీద నీళ్ళు చల్లేవాడు. ఇద్దరూ కలిసి నడుచుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఆ కూత మళ్ళీ వింటే ఒక్క క్షణమైనా ఆ పొద్దులు తిరిగొస్తాయేమోనని అతనికి. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే టైలరు దానికి కూడా జేబు కుట్టి ఊరికి చూపిస్తాడని భయం.

వదిన ఆ రోజుల్లో పెరట్లోకి రావడం తగ్గించింది. మోకాళ్ళ నొప్పులు కాబోలనుకున్నాడు పానా.

ఒకరోజు మధ్యాహ్నం బేరింగులు బిగించి, కరెంటు పెట్టకుండానే చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పిచూశాడు. అది ముందు గరగరలాడింది. తర్వాత లోపల్నుంచి, ఎక్కడో లోతులోంచి, సన్నగా మూలిగినట్టు స్వరం లేచింది. పానా ఇంకా గట్టిగా తిప్పాడు.

పక్కింట్లో గిన్నె పడ్డ చప్పుడైంది.

పానా పరిగెత్తాడు. వదిన వంటింట్లో గట్టుని రెండుచేతులా పట్టుకుని నిలబడి ఉంది. నేలంతా పాలు.

"ఏమైంది వదినా? కళ్ళు తిరిగాయా?"

"ఆపు," అంది. "ముందు దాన్ని ఆపు."

"ఆగిపోయిందే, నేనిక్కడే ఉన్నాగా."

పానా గుడ్డ తెచ్చి పాలు తుడవబోతే చేతిలోంచి లాక్కుంది.

"ఆ రోజు అది ఎప్పుడు మోగిందో నీకు గుర్తుందా?" అంది.

"ఏ రోజు?" అని నాలుక్కరుచుకున్నాడు.

"ఆ వారం నువ్వు రెండో షిఫ్టు. ఇంట్లో పడుకున్నావు. నేను బట్టలు ఆరేస్తున్నాను. అప్పుడే పొద్దున షిఫ్టు వెళ్ళింది, మధ్యాహ్నం షిఫ్టుకి ఇంకా చాలా టైముంది. వేళ కాని వేళ మోగింది. మోగి ఆగలేదు. పక్కింటావిడ గోడ మీంచి, ఇదేంటి ఇప్పుడు మోగుతోందీ అంది. నాకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందో అడక్కు."

పానా గుమ్మం మీద కూర్చుండిపోయాడు.

"మర్నాటి నుంచి మళ్ళీ మామూలే. ఏడింటికి మోగేది, మీరందరూ వెళ్ళేవాళ్ళు. మోగినప్పుడల్లా నా ప్రాణం గొంతులోకొచ్చేది. మూతపడేదాకా అన్నేళ్ళూ రోజూ. ఎవరికి చెప్పను? అందరికీ అన్నం పెట్టే మిల్లాయె. మూసేసిన రోజు ఊరంతా ఏడ్చింది, నువ్వు కూడా ఏడ్చావు. నీకు ధైర్యం చెప్పి నా ఇంటికొచ్చి పడుకున్నాను. చెబితే పాపం గానీ, పెళ్ళయిన కొత్తల్లో నిద్రపోయినట్టు నిద్రపోయాను నాయనా."

పానా ఆ సాయంత్రం సైరన్ మీద గోనెపట్టా కప్పేశాడు. సంగతి విన్న భార్య, "నీకు బోల్టులు అర్థమైనట్టు మనుషులు అర్థం కారు. అక్క పెరట్లోకి రావడం మానేసి నెలవుతోంది. నేను చెప్పబోతే నువ్వు బేరింగులంటావు," అంది.

శనివారం మ్యూజియానికి వెళ్ళి, సైరన్ మోగించడం లేదని చెప్పాడు. టైలరు ఎగిరిపడ్డాడు.

"ఊళ్ళో వెయ్యిమందికి చెప్పుకున్నాను! ఇప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోను? ఒక్కరికి బాధని ఊరి జ్ఞాపకమే చెరిపేస్తామా?"

"ఆ ఒక్కరూ ఊళ్ళోవాళ్ళు కారా?" అన్నాడు పానా.

"అది కాదయ్యా, నేననేది…"

"నువ్వనేది నాకు తెలుసు. నీకంటే నాకే ఎక్కువ ఉంది వినాలని."

లైబ్రేరియన్ గారు ఇద్దర్నీ ఆపి, "నేనోసారి ఆవిడతో మాట్లాడనా?" అంది.

"ఒప్పించడానికైతే వద్దండీ."

"ఒప్పించడానికి కాదు. వినడానికి."

ఆవిడ వెళ్ళింది. వదిన టీ ఇచ్చింది, మనవల సంగతులు చెప్పింది, మోకాళ్ళ సంగతి చెప్పింది, అసలు సంగతి మాత్రం ఎత్తలేదు. లైబ్రేరియన్ గారూ ఎత్తలేదు. లేచి వచ్చేటప్పుడు, "ఒకసారి మా మ్యూజియానికి రండి. మీ మరిది బోర్డులన్నీ ఎంత తిన్నగా బిగించాడో చూద్దురుగాని," అని మాత్రం అంది.

ఎవరూ అనుకోలేదు గానీ, మరుసటి ఆదివారం వదిన వచ్చింది. ఆ ఊళ్ళోనే ఉంటూ ఆ గేటు వైపు అడుగుపెట్టడం మంటలనాటి తర్వాత అదే మొదలు. పానా కుర్చీ లాగబోయాడు. వద్దంది. ఒక్కొక్క వస్తువు ముందూ ఆగి నిదానంగా చూసింది. ఆడవాళ్ళ ఫోటోలో తెలిసిన ముఖాలు కనబడి నవ్వింది. "ఇది చూడు, నవ్వు ఆపుకోలేక చస్తోంది. ఎప్పుడూ ఇంతే," అంది. రెండో గది కూడా చూసింది. మళ్ళీ మొదటి గదిలోకి వచ్చింది.

"అంతేనా?" అంది.

"అంతేనండీ," అన్నాడు టైలరు గర్వంగా.

"మరి ఆ రోజు సంగతేదీ?"

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఐదుగురు పోయిన సంగతి ఊళ్ళో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. రెండు గదుల నిండా ఇన్ని వస్తువులున్నా దాని గురించి చిన్న చీటీ ముక్కైనా లేదు. దాచిపెట్టాలని ఎవరూ అనుకోలేదు. జనం తమకిష్టమైనవి తెచ్చిచ్చారు, వీళ్ళు తీసుకుని సర్దిపెట్టారు. ఆ రోజుని ఎవరు మాత్రం సంచిలో పెట్టుకుని తెస్తారు?

"ఎవరూ తేలేదండీ," అంది లైబ్రేరియన్ గారు. తర్వాత తనే, "మేమూ అడగలేదు," అంది.

"అందరూ నవ్వుతూనే ఉన్నారిక్కడ. మా ఆయన పనిచేసిన మిల్లు కాదేమో అనిపిస్తోంది," అంది వదిన. కోపంగా అనలేదు. దారి తప్పిన మనిషి అడ్రసు అడిగినట్టుంది. టైలరు తల దించుకున్నాడు.

వార్షికోత్సవం వాయిదా పడింది. ఆ తర్వాత కొన్ని నెలలు లైబ్రేరియన్ గారూ వదినా కలిసి ఇళ్ళ వెంట తిరిగారు. పోయినవాళ్ళ మనుషులు కొందరు ఊళ్ళోనే ఉన్నారు, కొందరు చుట్టుపక్కల ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఒకింట్లో తలుపు తీసినవాళ్ళు మాకేం చెప్పాలని లేదన్నారు. వదిన వాళ్ళని బలవంతపెట్టలేదు. "నాకూ ఉండేది కాదు," అని చెప్పి వచ్చేసింది. వారం తిరక్కుండా వాళ్ళే కబురుచేశారు. మాట్లాడినవాళ్ళ మాటలు లైబ్రేరియన్ గారు ఫోనులో రికార్డు చేసేది. అందరికంటే ఆఖరున వదిన మాట్లాడింది. అప్పుడు గదిలో పానా లేడు. ఆవిడే అతన్ని బయటికి పొమ్మంది.

ఆ ఇళ్ళవాళ్ళు ఇచ్చిన ఐదుగురి ఫోటోల కింద ఏం రాయాలన్న దగ్గర మళ్ళీ తగువొచ్చింది. టైలరు పెద్ద పెద్ద మాటలు వెతుకుతుంటే వదిన ఆపింది.

"మంటలంటుకున్నాయి, ఐదుగురు పోయారు అని రాయండి. చదివినవాళ్ళకి అర్థం కావాలి."

అలాగే రాశారు. పానా ఆ బోర్డుని బిగిస్తూ అన్న ఫోటో దగ్గర కొంచెంసేపు ఆగాడు. ఫోటోలో అన్న తనకంటే చాలా చిన్నవాడు. ఈ వయసువాడా తనకి దుప్పటి లాగింది, అనిపించింది.

అంతా అయ్యాక వదినే ఒకరోజు పెరట్లో గోనెపట్టా ఎత్తిచూసి, "దీన్నేం చేస్తారు?" అంది.

"ఏం చెయ్యం. అలా చూడ్డానికి పెడతాం."

"మోగించుకోండి. ఊరివాళ్ళకి ఆశగా ఉంది, నీకూ ఉంది. నాకు తెలియదనుకున్నావా? పొద్దున ఏడింటికే మోగించండి, వేళకి. నేను మాత్రం ఆ రోజు చెల్లెలింటికి పోతాను. మనసు రాయి చేసుకుని పక్కన నిలబడమంటే నావల్ల కాదు."

"నువ్వు ఊళ్ళో లేకపోతే ఎందుకు వదినా…"

"ఎందుకేమిటి? నేను లేనప్పుడు మీరు అన్నం తినరా?"

వాయిదా పడ్డ వార్షికోత్సవం రోజు పొద్దున టైం ఆఫీసు ముందు జనం నిండిపోయారు. పాత కార్మికులు శుభ్రమైన బట్టలు కట్టుకుని వచ్చారు. ముందు అందరూ లోపలికి వెళ్ళి ఐదు ఫోటోలూ చూసి వచ్చారు. డాబా మీద సైరన్. కింద గోడకి స్విచ్చి. స్విచ్చి మీద పానా చెయ్యి.

ఏడైంది. నొక్కాడు.

కూత లేచింది. అడుగున మొదలై, మెల్లగా పైకెక్కి, ఊరి మీద పరుచుకుంది. కండెలు చుట్టిన ముసలమ్మ ఒకామె గబగబా గేటు వైపు నడిచి, గేటు లేదని గుర్తొచ్చి, తనలో తనే నవ్వుకుంటూ వెనక్కి వచ్చింది. టైలరు బహిరంగంగా ఏడ్చేశాడు. ఎదురిళ్ళ బాల్కనీల్లోకి కొత్తగా వచ్చినవాళ్ళు వచ్చి నిలబడి, ఏమైందోనని చూస్తున్నారు.

పానా అన్న కోసం ఎదురుచూశాడు. అన్న రాలేదు. అతని ఆలోచనంతా వదిన ఎక్కాల్సిన ఆరున్నర బస్సు మీదే ఉంది. ఈపాటికి బ్రిడ్జి దాటి ఉంటుందా, దాటితే వినబడదు కదా, దాటకపోతే? ఒక నిమిషం మోగించాలనుకున్నది అందులో సగానికే చెయ్యి తీసేశాడు. కూత మెల్లగా దిగి, సణిగి, ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. తక్కువసేపు మోగిందని ఎవరూ అనలేదు.

సాయంత్రం వదిన తిరిగొచ్చింది. సంచి అరుగు మీద పెట్టి కూలబడింది. పానా అడిగాడు.

"బ్రిడ్జి దాటేశావుగా, అప్పటికి?"

"ఎక్కడ దాటాను? బస్సు లేటు. స్టాండులోనే ఉన్నాను."

"విన్నావా?"

"వినక? ఊరంతా వినాలనేగా పెట్టారు. కాళ్ళు చల్లబడిపోయాయి. పక్కన కూర్చున్నావిడ నా చెయ్యి పట్టుకుని, ఏంటండీ ఇది, ఏమైనా ప్రమాదమా అంది. కొత్తగా వచ్చిందట ఊరికి. కాదమ్మా, మిల్లు కూత అన్నాను. ఏ మిల్లు, ఇక్కడ మిల్లెక్కడుంది అంది."

"చెప్పావా?"

"మొదలుపెట్టాక ఆపడం తెలియలేదు. బస్సొచ్చింది, ఎక్కాం, ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. మీ అన్న సంగతి చెప్పాను, నీ మీద నీళ్ళు చల్లేవాడని కూడా చెప్పాను. పాపం, ఆవిడ దిగాల్సిన స్టాపు దాటిపోయింది, ఫరవాలేదు చెప్పండి అంది." వదిన గొంతు తడుముకుంది. "పొద్దుట్నుంచి వాగి వాగి గొంతు పోయింది. కాసిని వేడినీళ్ళు పెట్టు నాయనా."

పానా లేచి, వదిన వంటింట్లోకి వెళ్ళి స్టవ్వు వెలిగించాడు.