లాప్‌టాప్‌కు సంబంధం

మరియమ్మను సమాధి చేసిన రోజు పంచిన కాగితంలో ఆమె మృదుభాషి అని రాసి ఉంది. ఎన్నడూ ఎవరినీ నొప్పించి ఎరుగదని ఉంది. దాని కింద, వందలాది మంది విద్యార్థుల భవిష్యత్తును తీర్చిదిద్దిందని కూడా ఉంది.

మరియమ్మ బడి గడప తొక్కలేదు. కాజీపేట స్టేషన్ బయట మిరపకాయ బజ్జీల బండి పెట్టుకొని బతికింది. ఆ బండి దగ్గర తిట్టు తినకుండా బజ్జీ తిన్న మనిషి లేడు. చుట్ట నోట్లో ఉంటే సగం తిట్టు, చుట్ట చేతిలో ఉంటే పూర్తి తిట్టు.

ఆ కాగితం కొట్టినవాడు శామ్యూల్. మరియమ్మ కొడుకు సుందర్ రావుకు స్వయానా బామ్మర్ది. కాజీపేట చౌరస్తాలో జిరాక్స్ దుకాణం. పోయిన వాళ్ళందరికీ అతని కంప్యూటర్లో ఒకటే కాగితం ఉంటుంది. పేరు మారుస్తాడు, ఫొటో మారుస్తాడు, మిగతాది దేవుడికి వదిలేస్తాడు. మరియమ్మ కంటే ముందు పోయింది ఒక హెడ్‌మాస్టరు. అదీ సంగతి.

సమాధుల తోటలో వెనక నిలబడ్డ ఎస్తేరమ్మ, మరియమ్మ పక్కన జామపండ్లు అమ్మిన మనిషి, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, పక్కవాళ్ళతో చదివించుకొని అడిగింది: "ఎవల కాయితం పంచిండ్రు బిడ్డా? మన మరియక్కది యాడున్నది?"

ఆ మాట సుందర్ రావు గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు సంవత్సరం తిరిగొచ్చింది. ఆదివారం ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక. ఈసారి కాగితం తనే రాశాడు. ఏడో తరగతిలో బడి మానేసి మోటార్లకు వైండింగ్ చేసుకునే మనిషి, లాప్‌టాప్ మీద ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, కళ్ళు మండేదాకా కొట్టాడు. అమ్మను అమ్మలాగే రాశాడు, పైన ఆమె ఫొటో పెట్టాడు. ఇక అచ్చు వేయించడమే మిగిలింది.

శామ్యూల్ దగ్గరికి పోతే కథ మళ్ళీ మొదటికొస్తుంది. వాడు దిద్దకుండా దేన్నీ బయటికి పంపడు. పెళ్ళి కార్డైనా, పాటల కాగితమైనా, పెన్ను తీసి 'సభ్యంగా' చేస్తేగానీ నిద్రపోడు. పోనీ ఇంకో జిరాక్స్ దుకాణానికి పోదామంటే, బామ్మర్ది దుకాణం ఉండగా పరాయి దుకాణం మెట్లెక్కినట్టు పొద్దు గూకేలోపు భార్య వినోద తరఫు చుట్టాలందరికీ తెలుస్తుంది. అప్పుడు వినోద వండదు. వండినా ఉప్పు వేయదు.

మిగిలింది ఒకటే దారి. ఇంట్లోనే ప్రింటర్ పెట్టుకోవడం. ఎప్పుడో ఒకప్పుడు కొనాల్సిందే, కరెంటు బిల్లూ ఆధార్ కాగితమూ పట్టుకొని ఎన్నాళ్ళని వాడి ముఖం చూస్తూ నిలబడాలి?

చిక్కు లాప్‌టాప్‌తో వచ్చింది. అది కూతురు జెస్సికాది. పాత సిస్టంతో అది ఆన్ అయ్యేలోపు చాయ్ కాచుకొని తాగి గిన్నె కడిగి పెట్టవచ్చు. జెస్సికా దాన్ని తుడిచి లినక్స్ అనే వేరే సిస్టం ఎక్కించి, తండ్రికి ఇచ్చి, కొత్తది తీసుకొని హసన్‌పర్తి కాలేజీ హాస్టల్‌కు పోయింది. లినక్స్ అంటే ఎవరి సొత్తూ కాదని, ఊరందరూ కలిసి చేసుకున్నదని, పైసా కట్టనక్కర లేదని చెప్పింది. సుందర్ రావుకు ఆ మాట నచ్చింది. కాకపోతే ఎవరి సొత్తూ కాని దానికి పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రారని తర్వాత తెలిసింది.

"డాడీ, ఏది పడితే అది కొనకు," అంది ఫోన్లో. "ఒకే కంపెనీల ఒకటి నడుస్తది, ఒకటి నడవది. మోడల్ నంబర్ నాకు పంపు, నేను చూసి చెప్త."

"నంబర్ జూసి ఏం తెలుస్తది బిడ్డా? మోటర్ మీద గూడ నంబర్ ఉంటది. స్విచ్ ఏత్తెనే తిరుగుతదా లేదా తెలుస్తది."

సుందర్ రావు లాప్‌టాప్‌ను సంచిలో వేసుకొని హనుమకొండలో అద్దాల తలుపుల కంప్యూటర్ దుకాణానికి పోయాడు. మెడకు టై కట్టుకున్న ఉదయ్ అనే పిల్లగాడు ఎదురొచ్చి, అన్ని ప్రింటర్లూ అన్ని లాప్‌టాప్‌లకూ నడుస్తాయని వరసబెట్టి చెప్పాడు. లినక్స్‌కు నడుస్తుందా అంటే, అది కూడా నడుస్తుందన్నాడు. లినక్స్ అంటే ఏమిటని అడిగితే మేనేజర్ వైపు చూశాడు.

"సరే, తీసి పెట్టు. ఒక కాయితం కొట్టి జూత్త."

"సీల్ తీస్తే మీదే అంకుల్. వాపస్ ఉండది."

"కొట్టంది నడుస్తదని నాకెట్ల తెలుస్తది?"

"డబ్బల సీడీ ఇస్తరు గదా అంకుల్. పెట్టుకుంటే నడుస్తది."

సుందర్ రావు లాప్‌టాప్‌ను నాలుగు వైపులా తిప్పి చూపించాడు. సీడీ పెట్టే నోరు ఎక్కడా లేదు.

"తమ్మీ, బల్బు కొంటె ఎలిగిచ్చి ఇత్తరు. మిక్సీ కొంటె తిప్పి ఇత్తరు. గింత పెద్ద డబ్బ కొంటాంటె మూత దీయనంటివి. గిదేం బేరం? పిల్ల మొకం జూడకుంట తాళి గడ్తమా?"

"మీరు ఆన్‌లైన్‌ల తీసుకోండి అంకుల్," అన్నాడు ఉదయ్, ఎంతో మర్యాదగా బయటికి దారి చూపిస్తూ.

అప్పుడు సుందర్ రావు ఇంకో పద్ధతి పట్టాడు. కొనేముందు చూడాలంటే, ఎవరింట్లో ప్రింటర్ ఉంటే అక్కడికి పోయి చూడాలి. ఏది నడిస్తే ఆ నంబరుదే కొనాలి. సంచి భుజానికేసుకొని తిరిగాడు. మడికొండలో కొత్త ఇల్లు కట్టుకున్న సదానందం ఇంట్లో రంగుల ప్రింటర్ ఉంది. తీగ పెట్టగానే పచ్చ లైటు వెలిగింది, కాగితం సగం మింగింది, ఎర్ర లైటు వెలిగించుకొని అలిగి కూర్చుంది. సదానందం భార్య లావణ్య చాయ్ ఇచ్చి, "మీ లాప్‌టాప్‌కు మా ఇంటి సంబంధం నచ్చలేదన్నా," అంది.

"మీదానికే పొగరు," అన్నాడు సుందర్ రావు.

చర్చి ఆఫీసులో అయ్యగారి ప్రింటర్ ఇంకో రకం. అది ఆగలేదు. కాగితం మీద కాగితం కక్కింది. అన్నిటి నిండా చుక్కలు, కొక్కేలు, సగం అక్షరాలు, ఏ లోకంలోనూ లేని గుర్తులు. తీగ పీకితేగానీ ఆగలేదు. అయ్యగారు ఒక కాగితం ఎత్తి కళ్ళద్దాలు సర్దుకొని చూశాడు.

"ఆత్మ దిగినట్టు అన్యభాషలు మాట్లాడుతాంది సుందర్ రావు."

"అర్థం జెప్పే వరం మీకున్నది గదా అయ్యగారూ. గీ లైనుల ఏమున్నదో జెప్పుండ్రి."

అయ్యగారు కాగితాల ఖర్చు గురించి మాట్లాడాడు.

శుక్రవారం శామ్యూల్ ఫోన్ చేశాడు. చుట్టాలకు అందని కబురు ఉంటుందా? "బావా, లాప్‌టాప్‌ను సంకల వెట్టుకొని సంబంధాలు జూత్తాన్నవట. కుదిరిందా?"

"నీకేందిరా?"

"ఏం లేదు. అత్త కాయితం నేనే కొడ్త గదా. అప్పటిది ఇంకా కంప్యూటర్లనే ఉన్నది. 'ప్రథమ వర్ధంతి' అని ఒక్క ముక్క మార్తె అయిపాయె."

సుందర్ రావు ఫోన్ పెట్టేశాడు. పెట్టేసినంత మాత్రాన కోపం ఎక్కడికి పోతుంది? సంచి తీసుకొని, ఆ కాగితం కంప్యూటర్లోంచి తీసేయించే వరకు కదలకూడదని తీర్మానించుకొని, బండి తీశాడు.

దుకాణంలో శామ్యూల్ ఎవరి పెళ్ళి కార్డునో దిద్దుతున్నాడు. కౌంటర్ పక్కన ఒక పాత లేజర్ ప్రింటర్, దాని నెత్తిన చాయ్ ఫ్లాస్కు, గ్లాసులు. ఏళ్ళ నుంచీ అక్కడే ఉన్నా, సుందర్ రావు దాన్ని బల్ల అనుకుంటూ వచ్చాడు.

"గిది నడుస్తదా?"

"దీనికేమైంది, గుర్రం లెక్క ఉన్నది. నా కంప్యూటర్ మార్చినంక కొత్త సిస్టం దీన్ని గుర్తువడ్తలేదు. కంపెనోళ్ళను అడిగితె కొత్తది కొనుక్కోమన్నరు. పాత ఇనుప సామానోని కాటా మీద వెడ్దామంటే మనసొప్పక ఉంచిన."

సుందర్ రావు ఫ్లాస్కు తీసి కింద పెట్టాడు. దుమ్ము ఊదాడు. మొన్నటి నుంచి చేయి అలవాటు పడిపోయింది. తీగ గుచ్చాడు, లాప్‌టాప్ తెరిచాడు. తెర మూలన చిన్న అక్షరాలు వెలిగాయి: ప్రింటర్ సిద్ధంగా ఉంది. సీడీ అడగలేదు, నంబర్ అడగలేదు, కులం గోత్రం అడగలేదు. నమ్మకం కుదరక, తెర మీద తెరిచి ఉన్నదాన్నే ప్రింట్ కొట్టాడు. లోపల ఏదో దగ్గినట్టయింది, గరగరమంది, వెచ్చటి కాగితం ఒకటి బయటికి జారింది.

అప్పటికిగాని అతనికి తెలియలేదు, తెర మీద తెరిచి ఉన్నది అమ్మ కాగితమని. చేయి చాచేలోపే శామ్యూల్ దాన్ని అందుకున్నాడు.

చదివాడు. చదువుతుంటే అతని ముఖం పెళ్ళి కార్డులో తప్పు దొరికినట్టు మారింది.

'మా అమ్మ మరియమ్మ చుట్ట తాగేది. తిట్టకుండా మాట్లాడితే జ్వరమేమోనని నొసలు పట్టి చూసేవాళ్ళం. ప్రసంగం పొడుగైతే మందిరంలో లేచి, అయ్యగారూ నూనె మాడుతుంది అని చెప్పి వచ్చేసేది. రైలు తప్పిపోయిన వాళ్ళకు ముందు తిట్లు పెట్టేది, తర్వాత బజ్జీలు పెట్టేది. పైసలు అడిగేది కాదు. ఇప్పుడు పైన ఎవరిని తిడుతుందో మాకు తెలియదు. వాళ్ళకు మా సానుభూతి.'

"బావా, గిదేంది? పైన అంటే ఎవలనుకుంటరు? పరలోకంల ఉన్నది దేవుడే గదా."

"ఆయిన ఓర్సుకుంటడు. మనం ఓర్సుకోలేదా?"

"చుట్ట తీసెయ్యి. తిట్లు తీసెయ్యి. బజ్జీలు ఉంచు."

"గవి తీసేత్తె మిగిలేది హెడ్‌మాస్టరే."

ఆ తప్పు శామ్యూల్‌కు ఇంతవరకు ఎవరూ ముఖం మీద చెప్పలేదు. జేబులోంచి తీసిన పెన్ను మూత కాసేపు తిప్పాడు. మళ్ళీ కాగితం వైపు చూశాడు. ఈసారి అతనికి నిజమైన తప్పే దొరికింది.

"ఇగో, గీత వడ్డది. లోపల డ్రమ్ము గీసుకపోయింది. ఫొటో ఖరాబైంది. ప్రింటర్ తీస్కపో బావా, నాకెందుకు. కాని జర ఆగు, డ్రమ్ము మార్చి ఇత్త."

సుందర్ రావు కాగితం లాక్కొని చూశాడు. బూడిద రంగు గీత ఒకటి పైనుంచి కిందికి పోయింది. అక్షరాల దగ్గర పట్టి చూస్తేగానీ కనపడదు. ఫొటో దగ్గర మాత్రం చిక్కబడి, సరిగ్గా అమ్మ పెదవి మూల నుంచి నెత్తి మీదుగా నిలువునా పైకి లేచినట్టుంది. చాలాసేపు చూశాడు.

"ముట్టుకున్నవంటే చెయ్యి ఇరుగుతది," అన్నాడు.

ప్రింటర్‌ను మూటగట్టి బండి వెనక కట్టుకొని ఇంటికి తెచ్చాడు. శనివారమంతా అది దగ్గుతూ, మూలుగుతూ పని చేసింది. ప్రతి కాగితానికీ అదే చోట అదే గీత.

ఆదివారం కూడికలో అయ్యగారు కాగితం చదివి, నూనె మాడే చోట ఆగి, ఆ రోజు ప్రార్థన తొందరగా ముగించాడు. శామ్యూల్ ఒక మూల కూర్చొని ఎవరు నొచ్చుకుంటారా అని అందరి ముఖాలూ చూస్తున్నాడు. ఎస్తేరమ్మకు చూపు ఇంకా తగ్గింది. వినోదతో చదివించుకుంది. తర్వాత కాగితాన్ని కళ్ళకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకొని, ఫొటో మీద గీతను వేలితో కింది నుంచి పైకి తడిమింది.

"ఇగో, ఇది మన మరియక్క," అంది. "చుట్ట గూడ ముట్టిచ్చిండ్రు."