భుజానికేం కాలేదు

బంతి గ్లవ్‌లో పడ్డప్పుడల్లా క్వో ఎడమ చూపుడువేలు జివ్వుమంటోంది. ఆ వేలు ఎప్పుడో వంకరపోయింది. కణుపులు అల్లపుకొమ్ముల్లా ఉబ్బాయి. మీసాలు సరిగ్గా రాని వయసులో క్యాచర్‌గా బేస్‌బాల్ జట్టులో చేరాడు గాని, మైదానంలో ఒక్క ఆటా ఆడింది లేదు. ఆటకు ముందు కంచె పక్కన గొంతుక్కూర్చుని, బంతి విసిరే పిచర్ల చేతులు వేడెక్కేదాకా వాళ్ల బంతులు పట్టడమే అతని కొలువు. అందులోనే జుట్టు నెరిసింది.

"చాలా, అన్నా?" అన్నాడు ఫాంగ్. వాళ్ల ఊరు తైనాన్‌లో పిల్లలంతా ఆ పిచర్ పేరున్న చొక్కాలే తొడుక్కుంటారు.

"చాలురా. నిప్పుల్లా వస్తున్నాయి. ఇవాళ వాళ్ల పని అయిపోయినట్టే."

ఫాంగ్ నవ్వలేదు.

ఆట మొదలయ్యాక ఆ నిప్పు ఆరిపోయింది. బంతులు బ్యాటుకి అందనంత దూరంగా పోయాయి. అలాంటివి నాలుగు పడితే బేస్ ఊరికే దక్కుతుంది కాబట్టి, అవతలివాళ్లు బ్యాటు ఊపకుండానే వరసగా బేస్‌లకు నడిచారు. ఆ తర్వాతివాడికి ఫాంగ్ నడుమెత్తున నెమ్మదిగా బంతి వేశాడు. వాడు దాన్ని గ్యాలరీలోకి కొట్టాడు. కిందటేడు ఇంకో జట్టువాళ్లు పందెంగాళ్ల సొమ్ము తిని ఆటలు ఓడారని తేలినప్పటి నుంచీ జనం ప్రతి తప్పునూ వాసన చూస్తున్నారు. "ఎంతకి అమ్ముడుపోయావురా?" అని ఎవరో అరిచారు. తిని పారేసిన భోజనం డబ్బాలు మైదానంలో వచ్చిపడ్డాయి.

ఫాంగ్‌ని ఆట మధ్యలోనే లోపలికి పంపేశారు. గదిలో క్వో మంచుసంచి తెచ్చి భుజం మీద పెట్టబోతే, ఫాంగ్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, కోచ్ అడిగితే వార్మప్‌లోనే నా భుజం పట్టేసిందని చెప్పు."

"పట్టేసిందా?"

ఫాంగ్ తలుపు వైపు చూశాడు. "నీ వాటా నీకుంటుందిలే."

ఇన్నేళ్లలో క్వోను ఏ పందెంగాడూ పలకరించలేదు. ఆడనివాణ్ణి ఎవరు కొంటారు? తనకూ ఒక ధర ఉందని తెలిసి, ఒక్క క్షణం గర్వంలాంటిదేదో కలిగింది. ఆ వెంటనే తనమీద తనకే రోత పుట్టింది. మంచుసంచి బల్లమీద పెట్టి బయటికి నడిచాడు.

కోచ్ ల్యావ్ టీ ఊదుకుంటున్నాడు.

"వార్మప్‌లో బాగానే వేశాడండీ. భుజానికేం కాలేదు," అన్నాడు క్వో.

ల్యావ్ ఊదడం ఆపాడు. "ఇలా చెప్పమని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ."

"ఎంతిచ్చారు?"

క్వో ఆయన ముఖంలోకి చూశాడు. ఈయన తెలియక అడుగుతున్నాడా, అంతా తెలిసే అడుగుతున్నాడా?

"ఫాంగ్ లేకపోతే జట్టే లేదు. నువ్వు లేకపోతే..." ల్యావ్ కప్పు దించాడు. "రేపట్నుంచి రాకు."

సాయంత్రం వాన పట్టుకుంది. క్వో ఎవరికీ చెప్పకుండా స్కూటర్ తీసి, తడుస్తూనే వెళ్లిపోయాడు.

మర్నాడు ఫాంగ్ బంతులు పట్టడానికి వేరొకతను వచ్చాడు. వాళ్ల పక్కనే, కంచె మేకుకు, క్వో పసుపుపచ్చ వానకోటు ఇంకా వేలాడుతోంది.