కందిపప్పులో బిళ్ళ

సుప్రజ చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతుంటే వేలికి తెల్లటి బిళ్ళ ఒకటి తగిలింది. అంచులు అరిగి, పప్పు పొడి అంటుకుని ఉంది. వాసన చూసింది. ఏమీ తెలియలేదు. కొంగుకు తుడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

ఆమె భర్త శరత్ నంద్యాలలో తాగుడు మాన్పించే సెంటరు నుంచి ఆళ్ళగడ్డకు వచ్చి నలభై రోజులైంది. రోజూ పొద్దున ఆమె మందుబిళ్ళ ఇవ్వాలి. అతను మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపాలి. సెంటరులో వార్డు మనిషి అట్లాగే చూసేవాడట. అక్కడ రాజరత్నం అనే ముసలాయన మాత్రం బిళ్ళను దవడలో దాచుకుని, చేతులు కడిగే చోట ఉమ్మేసేవాడని వచ్చిన కొత్తలో శరత్ నవ్వుతూ చెప్పాడు. ఆమె నవ్వలేదు. మర్నాటి నుంచి దవడలు కూడా చూడటం మొదలుపెట్టింది.

"ఇదేందీ?" అని ఇప్పుడు గుప్పిట తెరిచింది.

శరత్ తిప్పి చూశాడు. "నాది కాదు."

"మరి ఎవురిది? నాదా?"

"నాకేం తెల్సు. నాది కాదంటాండా గదా."

అతను పెరట్లోకి పోయాక, బిళ్ళలు మింగకుండా దాస్తున్నాడని ఆమె సెంటరుకు ఫోన్ చేసింది. మధ్యాహ్నానికి బండి పంపుతామన్నారు. అంతవరకు అతనికి తెలియనీయొద్దన్నారు. పోయినసారీ అంతే. ఓళిగలు తిని పడుకున్న మనిషిని నలుగురొచ్చి కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తుకుపోయారు. తిరిగొచ్చినప్పటి నుంచి వీధిలో ఏ బండి ఆగినా శరత్ లేచి నిలబడతాడు.

ఆమె ఉర్లగడ్డ వేపుడు చేసింది. పప్పులో నెయ్యి దండిగా వేసింది. అతను కంచం వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు.

"ఆ పొద్దు గూడా ఇట్లే పెట్టినావ్. బండి ఎన్నింటికొస్తాది?"

ఆమె మజ్జిగ గ్లాసు ముందుకు జరిపింది. అతను మెల్లగా తినసాగాడు.

అప్పుడే అత్త వెంకటరమణమ్మ దిగింది. వారం రోజులుగా నందికొట్కూరులో కూతురింట్లో ఉండి వస్తోంది. సంచి దించి, వంటింట్లో ఖాళీ డబ్బాలోకి తొంగి చూసింది.

"పురుగు పట్టకుండా పప్పులో బిళ్ళ ఏసి పోయింటి. పారేసినావా ఏంది పాపా?"

సుప్రజ ఫోన్ అందుకుంది. బండి వద్దని, తన పొరపాటని చెప్పింది. ఇంట్లోవాళ్ళు చివర్లో ఇట్లాగే మెత్తబడతారమ్మా, ఆలోచించుకోండి అన్నాడు అవతలి మనిషి. వద్దనే చెప్పి పెట్టేసింది. వెనక్కి తిరిగేసరికి శరత్ చేయి కడుక్కుని ఎదురుగా నిలబడి ఉన్నాడు.

నోరు తెరిచాడు. నాలుక ఎత్తాడు. వేలితో ఒక దవడ లాగి, ఆ తర్వాత రెండోది లాగి చూపాడు. చూడకూడదనుకుంది సుప్రజ. కళ్ళు మాత్రం వెదికాయి.

అతను చొక్కా తొడుక్కున్నాడు. యాడికి నాయనా అని తల్లి అడిగింది. చెప్పులు వేసుకున్నాడు. వీధి చివర కుడికి తిరిగితే బస్టాండు, ఎడమకు తిరిగితే బ్రాందీ షాపు. సుప్రజ గడప దగ్గరికొచ్చి ఆ మలుపు వైపే చూస్తుంటే, శరత్ ఆమె పక్కగా ఒరుసుకుని మెట్లు దిగిపోయాడు.