నవారు దిగేదాకా

మా కొట్టు వెనక గోడ పగులిచ్చి రెండేళ్ళయింది. మండవల్లిలో పునాదులు దిగడం వింతేమీ కాదు. కొల్లేటి బంకమట్టి మీద కట్టుకున్నాక కాస్తో కూస్తో దిగుతూనే ఉంటాయి. మా తప్పూ ఉంది. కింద కిరాణా కొట్టు, పై అంతస్తు నిండా చేపల చెరువులకు వేసే తవుడు బస్తాలు. మేడ వేసేటప్పుడు అంత బరువు పెడతామని మేస్త్రీకి చెప్పనేలేదు. ఇప్పుడా పగులులో నా చిటికెనవేలు పడుతోంది.

మా ఆయన నాగభూషణరావుగారు ముందుజాగ్రత్త మనిషి, నేను కాదు. ఆయన అప్పుడే తాడేపల్లిగూడెంలో ఉన్న తమ్ముడితో మాట్లాడేశారు. గోడ నిలబడకపోతే ఈ కొట్టు మూసేసి, వెళ్ళి వాళ్ళ షాపులో కూర్చోవడమేనట. ఇరవయ్యారేళ్ళుగా ఈ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నదాన్ని, తోటికోడలి షాపులో ఓ మూల స్టూలు వేసుకుని కూర్చోవాలా? తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోయేది.

అప్పుడు ఏలూరు నుంచి వసుంధర అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాక ఇదే మొదటి పని అని తనే చెప్పేసింది. ఏదీ దాచుకోవడం రాని పిల్ల. వెనక సందులోకి పెద్ద యంత్రం పట్టదు కాబట్టి మైక్రోపైల్స్ వేద్దామంది. అంటే ఆరంగుళాల బోరు వేసి, అరవై అడుగుల లోతున గట్టి ఇసుక తగిలాక, అందులో ఇనుప గొట్టం దింపి చుట్టూ సిమెంటు పాలు నింపడం. గోడ పొడవునా అలాంటివి ఆరు. గోడ కింద ఒక కాంక్రీటు దూలం దూరుస్తారు, దాన్ని అవి మోస్తాయి. పోతూ పోతూ పగులుకు అడ్డంగా సన్నటి గాజు పట్టీ ఒకటి సిమెంటుతో అతికించింది.

"గోడ ఏమాత్రం కదిలినా ఇది పగిలిపోతుందండి. రోజూ చూస్తూ ఉండండి" అంది.

పొద్దున్నే దేవుడి పటం కన్నా ముందు దాన్నే చూసేదాన్ని.

గొట్టాలు దింపి సిమెంటు గట్టిపడ్డాక, మొదటిదానికి పరీక్ష పెట్టారు. బోరు వేసినవాళ్ళకు మేస్త్రీ అయిన మత్తయి జాకీతో దాన్ని కిందికి నొక్కాడు. ఎంత దిగిందో చెప్పడానికి తల దగ్గర గడియారం లాంటి మీటరు. ఇరవై టన్నులు పెట్టినా రెండు మిల్లీమీటర్లు మించి దిగదని వసుంధర మాటిచ్చింది. ముల్లు రెండు దాటింది. నాలుగు దాటింది. ఏడు దగ్గర ఆగింది.

మా ఆయన జేబులో ఫోను తడుముకున్నారు. తమ్ముడికి చేయబోతున్నారని తెలిసిపోయింది.

"ఆగండి. అంత తొందరేం?" అని ఆయన్ని ఆపి, ఆ పిల్ల వైపు తిరిగాను. "ఏమ్మా, రెండన్నావు, ఏడు దిగిందేం?"

తను బరువు తీసేయమని మత్తయికి సైగ చేసింది. ముల్లు మెల్లగా వెనక్కి నడిచి ఒకటి దగ్గర నిలబడింది. ఆ పిల్ల ముఖం విప్పారింది.

"దిగలేదండి, గొట్టం కుదించుకుంది. అరవై అడుగుల సన్నటి గొట్టం కదండీ, బరువు పెడితే కాస్త పొట్టిదవుతుంది, తీసేస్తే మళ్ళీ సాగుతుంది. అడుగున నిజంగా దిగింది ఒక్క మిల్లీమీటరే. ఆ కుదింపు నేను లెక్కలో వేసుకోలేదు. గొట్టం మాత్రం పాసేనండి."

"హమ్మయ్య, బతికాం అమ్మగారూ" అన్నాడు మత్తయి. టీలు వచ్చాయి. అందరూ హాయిగా తాగుతున్నారు గానీ, నాకు లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. మా పెరటి గదిలో నవారు మంచం ఉంది. కూర్చుంటే నడుం కిందికి జారుతుంది, లేస్తే నవారు మళ్ళీ పైకొస్తుంది.

"అమ్మాయ్, నాకు చదువు లేదు, తప్పయితే నవ్వుకో. మంచం కాళ్ళు దిగలేదు, నవారు దిగింది. అంతేనా?"

"సరిగ్గా అంతేనండి."

"మరి మా గోడ వచ్చి దాని మీద కూర్చున్నప్పుడు, ఆ నవారు దిగేదాకా గోడ ఎక్కడుంటుంది?"

వసుంధర టీ గ్లాసు గట్టు మీద పెట్టేసింది. గాజు పట్టీ దగ్గరికి నడిచింది.

"గోడ కూడా దిగుతుందండి. దిగితేనే గొట్టం బరువు అందుకుంటుంది" అంది. "తప్పు నాదేనండి. మోస్తుందా లేదా అనే చూశాను, ఎంత కుదించుకున్నాక మోస్తుందో చూడలేదు. మూడు రోజులు టైమివ్వండి."

నేను కోప్పడాలి, నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఇన్నేళ్ళ వ్యాపారంలో అడగకుండా తప్పు నాదేనన్న మనిషిని నేను చూడలేదు. "ఆదివారం లోపు రా" అని మాత్రం అన్నాను.

శనివారమే వచ్చింది. ఈసారి ప్రతి గొట్టం తలకూ, గోడ కింది దూలానికీ మధ్య ఒక్కో జాకీ పెట్టించింది. "గోడ వచ్చి కూర్చోకముందే నవారుని మనమే నొక్కేద్దామండి. అలా నొక్కి ఉంచి, గొట్టానికీ దూలానికీ మధ్యలో ఇనుప ముక్కలు బిగించి వెల్డింగు చేసేస్తాం. ఇక కుదించుకోవడానికి ఏమీ మిగలదు."

"ఎక్కువ నొక్కితే?"

"గోడ పైకి లేస్తుంది. అప్పుడూ గాజు పగులుతుంది. అందుకే మీరు గాజు దగ్గర నిలబడండి. మీరు ఆపమంటే ఆపేస్తాం."

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడ్డాను. ఆరింటినీ వరసగా, కొంచెం కొంచెంగా నొక్కారు. మత్తయి పంపు కొట్టినప్పుడల్లా తను అంకె చదివేది, నేను "ఉంది" అనేదాన్ని. ఒకసారి చిన్న చప్పుడైతే ప్రాణం పోయినంత పనయింది. తీరా చూస్తే గోడకున్న సున్నం పెచ్చు రాలింది. వెల్డింగు అయ్యి జాకీలు తీసేసేసరికి నా కాళ్ళు పీకేస్తున్నాయి. గాజు ఉంది.

కానీ అసలు పరీక్ష తవుడు బస్తాలదే. పని మొదలుపెట్టేముందు వాటన్నిటినీ కిందికి దించేశాం. పదిహేను రోజులాగి, వసుంధర రాసిచ్చిన లెక్క ప్రకారం, ఒకప్పటి దాంట్లో సగమే పైకి ఎక్కించాం. మర్నాడు పొద్దున్నే మరిది ఫోను. మా ఆయన స్పీకరు పెట్టారు.

"గోడ సంగతేంటన్నయ్యా? మీకోసం మేడ మీద గది ఖాళీ చేయించాను."

మా ఆయన నా వైపు చూశారు. నేను వెనక్కి వెళ్ళి గాజు మీద ఈ చివర నుంచి ఆ చివరకు వేలు రాశాను. ఎక్కడా చిన్న గీతైనా తగల్లేదు. ఏడుపొచ్చేసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చాను.

"ఆ గదిలో వాళ్ళ సామాను వాళ్ళనే పెట్టుకోమనండి" అని, కొట్టు షట్టరు పైకెత్తాను.