నలభై కోట్ల ఏళ్ళ సాకు

ఆసుపత్రి పెద్దలకు పాఠం చెబితే బుద్ధి వస్తుందనుకోవడమే క్రిముల డాక్టరమ్మ చేసిన తప్పు. ఆపరేషన్ వార్డులో ముగ్గురికి కుట్లు చీము పట్టాయి. ల్యాబులో చూస్తే ముగ్గురిలోనూ ఒకటే క్రిమి. మర్నాడు డాక్టరమ్మ వాళ్ళ నాన్నకు తుంటి ఆపరేషన్ కూడా ఆ వార్డులోనే. వార్డు మూసి, మంచాలతో సహా రుద్ది కడిగించమని ఆమె పెద్దల సమావేశంలో అడిగింది. అంత అవసరం ఏమొచ్చిందో చెప్పమన్నారు. చెప్పింది.

ఆ క్రిమి ఆసుపత్రిలో పుట్టింది కాదు. నలభై కోట్ల ఏళ్ళ కిందటే జంతువుల పేగుల్లో హాయిగా కాపురముండేది. జంతువులు నీళ్ళు వదిలి నేల మీదికొచ్చాక మలంతోపాటు ఎండలో పడింది. ఎండకూ ఆకలికీ ఓర్చుకున్నవే మిగిలాయి. వాటి సంతతే ఇప్పుడు మంచం కమ్మీలను పట్టుకుని కూర్చుంది. తడిగుడ్డతో పైపైన తుడిస్తే దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

పెద్ద సర్జన్ ఆమెకు స్వయానా అన్నయ్య. కళ్ళు మూసుకుని అంతా విన్నాడు. తెరిచేసరికి మొహం వెలిగిపోతోంది. అన్ని కోట్ల ఏళ్ళ క్రిమి ముందు మనమెంత, ఇది ప్రకృతి చేసిన పని, ఇందులో మన లోపం వెతకడం అన్యాయం అన్నాడు. సూపరింటెండెంట్ గుండెల మీది బరువు దిగినట్టు తలూపాడు. ఇంకొకాయన, డైనోసార్ల కడుపులో కూడా ఉండేదా అని అడిగి, ఉండే ఉంటుందని తెలిసి తెగ సంబరపడ్డాడు. ఆ చల్లటి గదిలో ఎవరి కుట్లూ చీము పట్టలేదు మరి. వీళ్ళకు పట్టాలిచ్చిన వాళ్ళననాలి అనుకుంది ఆమె.

టీ కోసం లేచినప్పుడు అన్నయ్యను వరండాలో నిలదీసింది. రేపు నాన్నను ఆ మంచం మీదే పడుకోబెడతావా అని అడిగింది.

అన్నయ్య గొంతు తగ్గించాడు. "నాన్నని పొద్దున్నే వేరే ఆసుపత్రిలో చేర్చేశా. నువ్వేం కంగారుపడకు. లోపల మాత్రం ఈ మాట ఎత్తకు."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అన్నయ్య చెయ్యి పట్టుకుని నవ్వేసింది కూడా. నవ్వు మొహం మీద ఉండగానే తన మీద తనకే రోత పుట్టింది. ఇంతసేపూ లోపలివాళ్ళను నానా మాటలూ అనుకుంది. తీరా తన నాన్న గట్టెక్కాడని తెలియగానే, వార్డులో మూలుగుతున్న వాళ్ళు తనకూ గుర్తు రాలేదు. ఎండనే ఓర్చుకున్న క్రిమికి ఇలాంటి అన్నాచెల్లెళ్ళు దొరికితే ఇంక దిగులేముంది?

మళ్ళీ కూర్చున్నారు. మూయనక్కర్లేదని తేల్చేసి సూపరింటెండెంట్ చేతులు దులుపుకోబోతుంటే ఆమె లేచింది. సమావేశాల్లో అన్నయ్యను ఎప్పుడూ సార్ అనే పిలిచేది. ఈసారి అలా పిలవలేదు.

"అన్నయ్యా, నాన్నని మన వార్డులో ఎందుకు చేర్చలేదు?"

అన్నయ్య మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. తాగలేదు.

"నాన్నకి వయసైంది కదా," అన్నాడు చివరికి. "ఎందుకొచ్చిన గొడవలే అని..."

ఆ సాయంత్రమే వార్డు మూశారు. వాళ్ళకు రోగుల మీద జాలి పుట్టిందని ఆమె ఒక్క క్షణం కూడా నమ్మలేదు. పెద్ద సర్జన్ సొంత నాన్ననే వేరేచోట చేర్చాడన్న మాట బయటికి పొక్కుతుందని హడలిపోయారు, అంతే. అన్నయ్య ఆమెతో మాటలు మానేశాడు. ఆమె బతిమాలలేదు.